గేటు దాటని పెట్టె

"లోపలికి రానంటావు, ఇంటికి పోనంటావు. ఇలా గుమ్మానికి అడ్డంగా కూర్చుంటే మీ అన్నయ్య ఎటునుంచి బయటికెళ్తాడమ్మా?"

టైలరమ్మ ఆ మాట ఆడపడుచు మొహం చూసి అనలేదు. చేతిలో ఉన్న నీళ్ల గ్లాసుతో అన్నట్టు అంది. ఆ గ్లాసు కూడా ఇవ్వలేదు. గట్టు మీద టక్కున పెట్టింది.

"అన్నయ్య వెళ్లకూడదనే కూర్చున్నా వదినా."

"దాటుకుని వెళ్తాడు."

"నన్ను దాటమను. చూద్దాం."

లోపల ఆ అన్నయ్యగారు ఒక కాలికి సాక్సు తొడుక్కుని రెండోదాని కోసం మంచం కింద దూరాడు. రెండో సాక్సు ఆయన భుజం మీదే వేలాడుతోంది. చెప్పే ఓపిక ఆ పొద్దున ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

హార్బర్లో సరుకు విడిపించే పని ఆయనది. అక్కడందరూ ఆయన్ని ముందస్తు అంటారు. ఓడ కనపడకముందే కాయితాలు సిద్ధం చేస్తాడు, మబ్బు పట్టకముందే గొడుగు తెరుస్తాడు. తన పెళ్లినాడు అందరికంటే ముందొచ్చి, హాల్లో కుర్చీలు దించేవాళ్లతో కలిసి తనూ కుర్చీలు దించాడు. "పెళ్లికొడుకేడయ్యా?" అని అడిగినవాళ్లకి చెమట తుడుచుకుంటూ చెయ్యెత్తి చూపించుకున్నాడు. టైలరమ్మ ఆ కథ చెప్పి ఎన్నిసార్లు నవ్వించిందో లెక్కలేదు.

అలాంటి మనిషి పోర్టు అద్దె మాఫీకి ఆఖరి రోజు దాకా ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నాడు. అదే టైలరమ్మకి మింగుడు పడటం లేదు.

"ఇవాళ సాయంత్రం పోర్టు ఆఫీసు కిటికీ మూసేస్తారు. అర్జీ పడకపోతే నా కుట్టుమిషన్లొచ్చిన ఓడ పెట్టె వేలానికి పోతుంది. వినబడుతోందా లోపలివాళ్లకి?" గొంతు పెంచింది.

లోపల మంచం కింద ఏదో డబ్బా దొర్లిన చప్పుడు.

"తుక్కు ఇనుము తెప్పించినవాడికి మాఫీ వచ్చింది. ప్లాస్టిక్ పూలు తెప్పించినవాడికి వచ్చింది. రోగం భయంతో ఊరు ఊరంతా తలుపులేసుకుంటే ఎవరి సరుకు ఎవరు తెచ్చుకుంటారని, ఆ రోజుల అద్దె మొత్తం పోర్టువాళ్లు వదిలేశారు. నా కుట్టుమిషన్లకే వదల్లేదు. ఎందుకయ్యా అంటే, ఊరు మూసేయడానికి ముందురోజే నా పెట్టె గేటు దాటి వెళ్లిపోయిందట! వెళ్లిపోయి, దానంతట అదే మళ్లీ వచ్చి యార్డులో కూర్చుందట! దానికి కాళ్లొచ్చాయి కాబోలు!"

"కాయితం మీద దాటింది వదినా."

"అయితే కాయితం మీదే బట్టలు కుట్టమంటావా?"

ఆడపడుచు మాస్కు గడ్డం కిందికి లాక్కుంది. ఏడ్చిన మొహం కాదది. రాత్రంతా ఏడవకుండా ఆపుకున్న మొహం.

"సరుకు కదలకుండానే కదిలిందని స్టాంపు పడితే గేటు గుమాస్తాని ఏం చేస్తారో నీకు తెలుసు. తెలిసేశావా, తెలియకేశావా అని అడగరు. ఇంటికి పంపేస్తారు. ఈ రోజుల్లో ఇంటికి పంపినవాడిని మళ్లీ పిలిచేవాడెవడు?"

"స్టాంపు మీ ఆయనది. మరి పెట్టె నాది కాదూ?"

"అడిగి వేయించుకున్నది మీ ఆయన కాదూ?"

"ఆ సంగతి మర్చిపోయాననుకోకు. అది తెలిసిన దగ్గర్నుంచీ ఈయనకి అన్నం పెడుతున్నా, మాట పెట్టడం లేదు."

ముందస్తు గది బయటికొచ్చాడు. ఒక కాలు సాక్సుతో, ఒక కాలు బోసిగా. "నా సాక్సు..." అన్నాడు.

"భుజం మీద చూసుకో!" "భుజం మీద చూసుకోండి!"

ఇద్దరాడవాళ్లూ ఒకేసారి అన్నారు. ఒక్క క్షణం ఇద్దరి పెదవుల మీదా నవ్వు కదిలింది. వెంటనే ఎవరి మూతి వాళ్లు ముడుచుకున్నారు.

ముందస్తు సాక్సు తీసుకుని చెల్లెలి వంక చూశాడు. చెల్లెలు చూపు తిప్పుకుంది. ఇద్దరూ కూడబలుక్కుని దొంగాట ఆడుతున్న పిల్లల్లా ఉన్నారని టైలరమ్మకి ఎందుకో అనిపించింది. అనిపించి, పోయింది.

*

అంతలో వీధి మలుపులో సైకిలు గంట వినబడింది.

గేటు గుమాస్తా సైకిలు గోడకి ఆనించి, చేతులకి మందు రాసుకుని, మాస్కు ముక్కు దగ్గర నొక్కుకుని, అప్పుడు నోరు విప్పే రకం. నోట్లో నాలుక లేదంటారు గానీ, ఉంది. వాడకంలో పొదుపు. ఆయన స్టాంపు వేయడం చూడాలని లారీ డ్రైవర్లు కిటికీ దగ్గర తొంగి చూసేవారు. గుడ్డతో తుడిచి, ఊది, గీత గీసినట్టు నిటారుగా వేసేవాడు. వేశాక ఒక్క క్షణం చూసుకునేవాడు, ఇల్లు కట్టినవాడు ఇల్లు చూసుకున్నట్టు.

"పద చెల్లెమ్మా. నేనూ వస్తా," అన్నాడు టైలరమ్మతో.

పెళ్లాం అన్నగారి భార్యని ఆయన ఏ రోజూ మరో పిలుపుతో పిలవలేదు. ఆమె షెడ్డులో బల్బు మాడినా, తలుపు బందు ఊడినా "చెల్లెమ్మా, నిచ్చెన ఉందా?" అంటూ వచ్చేది ఆయనే.

"మీరెందుకండీ?" ఆయన భార్య గుమ్మంలోంచే అడిగింది.

"ఆ స్టాంపు నేనే వేశానని చెప్పడానికి."

"వేశారా?"

"నా స్టాంపు పడిందంటే నా చెయ్యి పడ్డట్టే. గుర్తు లేదు, అంతే."

"గుర్తు లేని దాన్ని ఎలా చెప్తారండీ?"

"అన్నయ్యగారూ," టైలరమ్మ గొంతు తగ్గించింది, "మీరు ఊరికే దేన్నీ నెత్తిన వేసుకోకండి. ఇందులో నా స్వార్థం ఉంది కాబట్టి చెప్తున్నా."

"నెత్తినేసుకోవడం కాదమ్మా. ఆ సాయంత్రం గేటు దగ్గర గోల నువ్వు చూడలేదు. రేపో ఎల్లుండో అంతా బందని కబురు రాగానే లారీలన్నీ ఒకదాని మీదొకటి ఎక్కేస్తాయేమో అన్నట్టున్నాయి. బీరువా తాళాలున్నవాడు ముందే జారుకున్నాడు. స్టాంపు ఎక్కడ పెట్టాలో తోచక టిఫిన్ సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చేశా. పొద్దున్నే మళ్లీ పట్టుకెళ్లొచ్చులే అనుకున్నా. తెల్లారేసరికే ఊరు మూసేశారు, ఇంక పొద్దున్న ఎక్కడుంది?"

ఆయన ఆగాడు. గుమ్మం వైపు చూడలేదు. సైకిలు సీటు మీద దుమ్ము తుడిచాడు.

"ఇంటికి రాగానే మామూలే. బయటి వస్తువు బయటే. సంచి పిట్టగోడ మీద పెట్టి, పెరట్లోకి పోయి, తలారా వేణ్ణీళ్ల స్నానం. అందరం అదే పని కదా ఆ రోజుల్లో."

"బావా, ఇప్పుడవన్నీ ఎందుకు?" అన్నాడు ముందస్తు. అని, వేసుకున్న బూటు విప్పి మళ్లీ వేసుకున్నాడు.

పొద్దుట్నుంచీ గుమ్మం కదలనని భీష్మించుకున్న ఆడపడుచు లేచి నిలబడింది.

"టీ పెడతా వదినా," అంది. లోపలికి రానని ఒట్టేసిన మనిషి గబగబా వంటింట్లోకి వెళ్లిపోయింది.

గుమ్మం ఖాళీ అయింది. ఇప్పుడు ఎవరైనా వెళ్లొచ్చు. ఎవరూ కదల్లేదు.

టైలరమ్మకి ఆ సాయంత్రం కళ్లకి కట్టింది. మొగుడు ఈలేసుకుంటూ వచ్చాడు. తను టీ కలపబోతే "వద్దు, చెల్లి దగ్గర తాగే వచ్చా" అన్నాడు. "మీ బావ ఏమన్నారు?" అని అడిగితే, "ఏమంటాడు, స్నానంలో ఉన్నాడు. నేను ఆగలేదు" అన్నాడు.

స్నానంలో ఉన్నాడు.

మెడలో వేలాడుతున్న కొలతల టేపుని ఆమె రెండు చేతులా పట్టుకుని బిగించింది.

*

వంటింటి వెనకే కుట్టు షెడ్డు. పొయ్యి మీద పాలు పెట్టి, ఆడపడుచు అక్కడికెళ్లి నిలబడింది. గచ్చు మీద పాత మిషన్లున్న చోట్లన్నీ లేతగా, చుట్టూ నల్లగా అచ్చులు పడ్డాయి. కొత్తవి వచ్చేస్తున్నాయి కదా అని పాతవి ముందే అమ్మించింది కూడా ముందస్తే. మూలన దారపు ఉండలు, విరిగిన సూదుల డబ్బా. కుట్టుపనివాళ్లు ఇప్పటికీ అటుగా పోతూ గేటులోంచి తల పెట్టి "అక్కా, వచ్చాయా?" అని అడుగుతారు. ఒకామె ఆస్పత్రిలో నేల తుడిచే పనికి కుదిరింది. ఇంకొకామె అడగడం మానేసి, చూసి మాత్రం వెళ్తుంది.

టైలరమ్మ వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"మీ ఆయన స్నానం చేస్తుండగానేనా?"

ఆడపడుచు కాలి బొటనవేలితో గచ్చు మీద ఒక దారప్పోగుని అటూ ఇటూ తోసింది.

"నిన్నే."

"వినబడింది వదినా."

"వినబడితే చెప్పు."

"ఏం చెప్పను? అన్నయ్య వచ్చాడు. బావేడంటే స్నానమన్నా. ఆయన స్నానమంటే నీకు తెలుసుగా, ఒక పట్టాన తెమలదు. అన్నయ్యకి ఆగడం తెలీదు. సంచి ఎదురుగా ఉంది. స్టాంపు అందులో ఉందని నేనే నోరు జారా."

"ఆయన తీశాడా?"

"సంచి నేను విప్పా. అన్నయ్య తెచ్చిన గేటు కాయితం మీద స్టాంపు నేనే వేశా. 'నువ్వు వేస్తే బావ వేసినట్టేలేవే, పొద్దున్నే లారీ తిన్నగా వెళ్లిపోతుంది, మీ వదిన లేచేసరికి షెడ్డులో మిషన్లుంటాయి, ఆవిడ మొహం చూడాలి' అన్నాడు. నాకూ సరదా వేసింది. నీ మొహం చూడాలనిపించింది. చిన్నప్పుడు అన్నయ్య గాలిపటం ఎగరేస్తుంటే దారం నేనే వదిలేదాన్ని వదినా. అన్నయ్య అడిగితే కాదనడం నాకు చేతకాదు."

టైలరమ్మ గోడకి జారబడింది. ఇన్నాళ్లూ ఎవర్ని తిట్టుకుంటూ అన్నం కలుపుకుందో, ఆ మనిషి బయట సైకిలు సీటు తుడుచుకుంటున్నాడు.

"ఇన్ని రోజులు ఆయనతో ఒక ఇంట్లో పడుకుని లేస్తూ, ఒక్కసారి చెప్పాలనిపించలేదే నీకు?"

"రోజూ అనిపించింది."

"మరి?"

"తిడితే బాగుండు. ఆయన తిట్టడు. అదే నా భయం. ఆ స్టాంపుని ఆయన ఎలా తుడుస్తాడో చూశావుగా. ఇల్లు తుడిచిన గుడ్డతో ముట్టుకోనివ్వడు. చెప్పానంటే 'అలాగా' అంటాడు. అని, ఊరుకుంటాడు. ఆ ఊరుకోవడం నేను భరించలేను."

"అందుకని ఆయన్నే పంపిస్తావా, చేయని పనికి?"

"పంపడమేంటి వదినా!" మొదటిసారి ఆమె గొంతు లేచింది. "ఆపాలనేగా పొద్దుట్నుంచి మీ గుమ్మంలో కుక్కలా పడున్నా! మీరెవరూ వెళ్లకపోతే ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు కదా!"

"వెళ్లకపోతే నా మిషన్లు?"

వంటింట్లో పాలు పొంగి పొయ్యి మీద పడిన చప్పుడు. ఇద్దరికీ వినబడింది. ఇద్దరూ కదల్లేదు. మాడు వాసన షెడ్డులోకి వచ్చింది.

"నన్నేం చేయమంటావో చెప్పు," అంది టైలరమ్మ చివరికి.

"అది నేనెలా చెప్తాను వదినా? నా నోటితో అడిగితే నీకది అప్పులా ఉంటుంది. నీకే తోచాలి."

బయటినుంచి గుమాస్తా గొంతు వినిపించింది. "చెల్లెమ్మా, పొద్దెక్కుతోంది."

*

పోర్టు ఆఫీసు ముందు నేల మీద తెల్ల రంగుతో సున్నాలు గీశారు, మనిషికో సున్నా. జనం నడిచీ నడిచీ సగం చెరిగిపోయాయి. అయినా గుమాస్తా ఒక్కో సున్నా మధ్యలో పాదాలు కలిపి నిలబడుతూ, ముందువాడు కదిలాకే కదులుతున్నాడు. ముందస్తు తన సున్నాలో నిలవలేక కాలుగాలిన పిల్లిలా ముందుకీ వెనక్కీ తిరుగుతున్నాడు. వెనక టైలరమ్మ. ఇంట్లోంచి వచ్చేటప్పుడు టేపు తీయడం మరిచిపోయింది. మెడలో అలాగే ఉంది.

కంచె అవతల పెట్టెల వరసలు. అన్నింటి కింద, తుప్పురంగు పెట్టె ఆమెది. ఇన్నాళ్లూ దూరం నుంచి చూసి వెళ్లేది. ఇవాళ దాని తలుపు మీద గీతలు కూడా కనబడుతున్నాయి.

ఒక్క మాట. ఆ ఒక్క మాట ఆయన చెప్పేస్తే రేపు షెడ్డులో చప్పుడు మొదలవుతుంది. ఆయన చెప్తానంటున్నాడు. తను అడగలేదు. నోరు మూసుకుని సున్నాలో నిలబడితే చాలు. ఆమె నిలబడింది. ఒక సున్నా జరిగింది. మళ్లీ నిలబడింది.

"ఏంటలా ఉన్నావు?" మొగుడు వెనక్కి తిరిగి గుసగుసగా అడిగాడు.

చాలా రోజుల తర్వాత ఆమె ఆయనతో నేరుగా మాట్లాడింది. "మీ చెల్లెలు చెప్పింది."

ముందస్తు మొహంలో మాస్కు పైన కనబడే ఆ కాస్తా పాలిపోయింది.

"మొత్తమా?"

"గాలిపటం దారంతో సహా."

"నీకోసమేనే..." అన్నాడు.

"నాకోసం చేసిన పనికి అన్నయ్యగారు కట్టాలా? మీరు చెప్పండి, ఆయనతో. ఇక్కడే. ఇప్పుడే. పుట్టిన దగ్గర్నుంచీ అన్నింటికీ ముందుంటారుగా, దీనికీ ముందుండండి."

"చెప్తే దాని కాపురం..."

"చెప్పకపోతే?"

"తర్వాతెవరు?" కిటికీలోంచి ఆఫీసరమ్మ పిలిచింది.

గుమాస్తా ఆఖరి సున్నా దాటి కిటికీ ముందు నిలబడ్డాడు. ముందస్తు అర్జీని అద్దం కింద సందులోంచి లోపలికి తోశాడు. అంత నెమ్మదిగా ఆయన కాయితం తోయడం ఆ కిటికీ ఎన్నడూ చూసి ఉండదు.

ఆఫీసరమ్మ చదివింది. కంప్యూటర్ చూసింది. మళ్లీ చదివింది.

"పెట్టె గేటు దాటలేదంటున్నారు. దాటినట్టు స్టాంపుంది. గేటు గుమాస్తా మీరేనా?"

"నేనేనమ్మా."

"స్టాంపు మీదేనా?"

"నాదే."

"సరుకు కదలకుండా వేసింది మీరేనని రాసి సంతకం పెడితే అర్జీ తీసుకుంటాను. మీ సంగతి పైవాళ్లు చూస్తారు. నేనేం చేయలేను."

"తెలుసమ్మా. ఒక్క మాట మా బావతో మాట్లాడి పెడతా."

గుమాస్తా మెల్లగా తిరిగాడు. కోపం లేదు ఆ కళ్లల్లో. నిద్ర లేదు, అంతే.

"బావా, టిఫిన్ సంచి మూతికి నేనెప్పుడూ మొండిముడి వేస్తా. లాగితే ఊడదు. ఆ రోజు స్నానం చేసొచ్చి చూస్తే పువ్వులా ముడేసి ఉంది. అది మా ఆవిడ ముడి."

ముందస్తు కిటికీ అంచు పట్టుకున్నాడు.

"అప్పుడేం అనుకోలేదు. ఈ పెట్టె గొడవ మొదలయ్యాక అర్థమైంది. తను చెప్తుందని చూశా. నువ్వైనా చెప్తావని చూశా. పొద్దున్న మీ గుమ్మంలో సంచి కథంతా ఎత్తింది అందుకే. తను లేచి టీ పెట్టడానికెళ్లింది. నువ్వు బూటు విప్పి మళ్లీ వేసుకున్నావు." ఆయన కాస్త నవ్వినట్టు మాస్కు కదిలింది. "పర్లేదు. ఇంట్లో స్టాంపు ఇంకొకరి చేతికి ఇచ్చాననడం కంటే, నేనే వేశాననడం నయం. సంతకం పెట్టేస్తా. తనకి నాకు తెలుసని చెప్పకు. కానీ బావా, ఒక్కసారి నువ్వు నోటితో అను. 'పెట్టు బావా' అను. నాకది చాలు."

పుట్టిన దగ్గర్నుంచీ అడగకముందే జవాబు చెప్పిన మనిషి నోరు తెరిచాడు. మాస్కు గుడ్డ లోపలికి పీల్చుకుపోయింది, బయటికొచ్చింది, మళ్లీ లోపలికి పోయింది. చప్పుడు రాలేదు.

"వెనకాల జనం ఉన్నారండీ," అంది ఆఫీసరమ్మ. "వేసింది మీరేనా, కాదా?"

గుమాస్తా జేబులోంచి పెన్ను తీశాడు. మూత విప్పాడు.

"నేనే..."

టైలరమ్మ తన సున్నాలోంచి బయటికొచ్చింది. వెనకెవరో "దూరం, దూరం!" అని అరిచారు. ఆమె మొగుణ్ణి పక్కకి నెట్టి, అద్దం కింద సందులోకి చెయ్యి పెట్టి అర్జీ మీద అరచెయ్యి ఆనించింది. సూది గుచ్చుకుని గుచ్చుకుని మొద్దుబారిన వేళ్లు ఆ కాయితం అంచుని గట్టిగా పట్టుకున్నాయి.

"చెల్లెమ్మా," గుమాస్తా పెన్ను ఆపాడు, "చెయ్యి తీసెయ్యి. మిషన్లు పోతాయి."

"తెలుసన్నయ్యగారూ."

తెలుసంది గానీ, కాయితాన్ని వెనక్కి లాగలేదు. వదల్లేదు కూడా. ఆమె కళ్లు కంచె అవతల తుప్పురంగు పెట్టె మీద ఉన్నాయి.

"ఏంటమ్మా ఇది? అర్జీ ఇస్తారా, తీసుకుపోతారా?"

అవతలి అంచున ఆఫీసరమ్మ వేళ్లు, ఇవతలి అంచున టైలరమ్మ వేళ్లు. ఎవరు ముందు లాగినా చిరిగిపోతుంది.